డెల్టా వానలకు తట్టుకునే రైలింజను హెడ్‌లైట్ ఎలా చేయాలి

మేము చేసిన మొదటి దీపాన్ని అంతర్వేదిలో చుట్టాల డాబా మీద, సముద్రం వైపు ముఖం పెట్టి బిగించాం. రోజూ రాత్రి వెలిగించి, పొద్దున ఆర్పేవాళ్ళు. ఒక వానాకాలం గడిచాక దింపి చూస్తే అద్దం అడుగున రెండు వేళ్ళ లోతు నీళ్ళు. మా మేస్త్రి దాన్ని అటూ ఇటూ ఊపి, "ఇందులో సీడ్ వదిలేద్దామాండీ?" అన్నాడు. భీమవరం చుట్టుపక్కల సీడ్ అంటే రొయ్యపిల్లలే. నవ్వొచ్చింది గానీ కడుపు మండింది కూడా. ఎందుకంటే ఆ దీపాన్ని పైపుతో అరగంట తడిపి, లోపల ఒక్క చుక్క లేదని చూసుకునే పంపాం. విప్పి చూస్తే రబ్బరు సీలు ఎక్కడా చిరగలేదు, బోల్టులు వదులవలేదు.

బయటి వాన దాడి చేసి లోపలికి రాలేదు. దీపమే నీళ్ళు తాగింది. ఈ సంగతి అర్థమయ్యాక మా డిజైన్ అంతా మారిపోయింది. మీరు పాలిటెక్నిక్‌లో ప్రాజెక్టు చేస్తున్నా, చిన్న యూనిట్ పెట్టి రైల్వేకి సరుకు ఇవ్వాలనుకుంటున్నా ముందు ఆ లెక్క చూడండి. తర్వాతే అల్యూమినియం కొనండి.

దీపం నీళ్ళు ఎలా తాగుతుంది

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో రాజమండ్రి యార్డులో నిలబడిన ఇంజను మీద నల్లటి దీపం డబ్బా లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందనుకుందాం. సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన. 25 డిగ్రీల నీళ్ళు పడి డబ్బా నిమిషాల్లో చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుంటుంది. డబ్బాకు ఎక్కడా సందు లేకపోతే లోపలి ఒత్తిడి దాదాపు 13 శాతం, అంటే 13 కిలోపాస్కల్స్ పైచిలుకు పడిపోతుంది. నీళ్ళలో చెప్పుకుంటే 1.35 మీటర్ల ఎత్తు. అంటే దీపాన్ని నడుము పైదాకా లోతున్న చెరువులో ముంచినంత పీల్పు. సీలు చుట్టూ వాన నీళ్ళు నిలబడి ఉన్నది సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు బయటి దాడి ఎంతో చూడండి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ఇంజను ముందుభాగాన్ని గాలి ఒత్తే ఒత్తిడి సుమారు 560 పాస్కల్స్. నీళ్ళలో అది ఆరు సెంటీమీటర్లు కూడా కాదు. దీపం సొంత పీల్పు దానికి ఇరవై రెట్ల పైనే. ఐపీ అంటే దుమ్ముకీ నీళ్ళకీ ఎంత ఆగుతుందో చెప్పే అంకె. ఐపీ 67 అని ముద్ర ఉన్న దీపాన్ని పరీక్షలో ఒక మీటరు నీళ్ళలో అరగంట ముంచుతారు. రోహిణి కార్తె తర్వాత వచ్చే మొదటి వాన అంతకంటే గట్టి పరీక్ష. పైగా ఆ ముంపు పరీక్ష కొత్త సీలుతో, చల్లటి డబ్బాతో జరుగుతుంది.

ఒకసారి లోపలికి దిగిన నీళ్ళు తిరిగి పోవు. మర్నాడు ఎండకి డబ్బా వేడెక్కితే గాలి బయటికి పోతుంది గానీ నీళ్ళు అడుగునే ఉంటాయి. రోజుకి నాలుగు చుక్కల చొప్పున నాలుగు నెలలు లెక్కేసుకోండి.

వెలుగు ఎంత కావాలో తేల్చుకోండి

మన రైల్వేలో ట్విన్ బీమ్ (జంట దీపాల) హెడ్‌లైట్‌కు పెట్టుకున్న కొలత, 305 మీటర్ల దూరంలో పట్టాల నడుమ 3.2 లక్స్. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకి కొలత, క్యాండెలా అంటే దీపం ఆ దిక్కుకి చిమ్మే వెలుగు బలానికి కొలత. దూరాన్ని దూరంతోనే గుణించి, దాన్ని 3.2తో గుణిస్తే దాదాపు 3 లక్షల క్యాండెలాలు వస్తాయి. మీరు 4 లక్షలకు డిజైన్ చేయండి. పూత లేని అద్దం రెండు ముఖాల దగ్గరే సుమారు 8 శాతం వెలుగు పోతుంది. దుమ్ము, ఉప్పు పొర, పురుగులు మిగతాది తింటాయి. ఎల్‌ఈడీ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది కాబట్టి దీపం వెలిగించి అరగంట ఆగాకే కొలవాలి. వెలిగించిన వెంటనే కొలిచి సంబరపడొద్దు.

305 మీటర్లు ఎక్కడ దొరుకుతుందని బెంగ అక్కర్లేదు. పదో వంతు దూరంలో, అంటే 30.5 మీటర్ల దగ్గర, 320 లక్స్ రావాలి. అమావాస్య దగ్గర్లో చెరువు గట్టు మీద టేపు పట్టుకుని కొలిచేయొచ్చు. ఎదురుగా బండ్లు వచ్చే రోడ్డు మీద మాత్రం వద్దు. ఆ వెలుగు కళ్ళలో పడితే బండివాడు కాలవలోకే పోతాడు.

ఈ వెలుగు దేనికో కూడా తెలుసుకోండి. 110 వేగంలో 305 మీటర్లు పది సెకన్లలో దాటిపోతుంది. ఆ దూరంలో రైలు ఆగదు. సిగ్నల్‌కు తన వెలుగు తనకుంది. హెడ్‌లైట్ ముఖ్యంగా పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌కి, గేటు దగ్గరి మనిషికి రైలు వస్తోందని చెప్పడానికి. లోకో పైలట్‌కు బోర్డులు, గేదెలు, గాలివానకు పడిన కొబ్బరిచెట్టు కనబడటానికి. రాత్రి దారిలో హెడ్‌లైట్ పోతే రైలు గంటకు 40 కిలోమీటర్లు మించి పోకూడదు. ఆ సెక్షన్‌లో అంతకంటే తక్కువ వేగ పరిమితి ఉంటే దానికే లోబడాలి. మీ సీలులో కారిన ఒక్క చుక్కకి వెనకున్న బళ్ళన్నీ ఆలస్యమవుతాయి.

పొగమంచులో పసుపు దీపం బాగా కనిపిస్తుందని చాలామంది నమ్ముతారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కోనసీమలో పట్టే మంచులో బిందువులు వెలుగు అలల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి ఏ రంగునైనా ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అసలు ఇబ్బంది మన వెలుగే తెల్లగోడలా తిరిగి కంట్లో పడటం. దానికి మందు రంగు మార్చడం కాదు, డిమ్ స్విచ్ సరిగ్గా పనిచేయడం, బీమ్ అంచులు పదునుగా ఉండటం.

డబ్బా, బోల్టులు

అల్యూమినియం పోతలో ఏ రకం అని ఫౌండ్రీవాళ్ళు అడిగితే ఎల్‌ఎం 6 అనండి. అందులో సిలికాన్ ఎక్కువ, రాగి చాలా తక్కువ. ఏడీసీ 12 సులువుగా దొరుకుతుంది, పోత కూడా చక్కగా వస్తుంది గానీ, అందులోని రాగి వల్ల ఉప్పుగాలికి తొందరగా తెల్లపొడి రాలుతుంది. కాకినాడ, నర్సాపురం వైపు సముద్రపు గాలి సరే, లోపలి ఊళ్ళలోనూ పట్టాల పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువులు, వాటిలో రాత్రంతా నీళ్ళు చిమ్మే ఏరేటర్లు ఉంటాయి. తీరం దూరంగా ఉందని ధీమా పనికిరాదు.

బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. 304కి ఉప్పు దగ్గర ఓపిక తక్కువ. అయితే స్టీలు బోల్టు నేరుగా అల్యూమినియంలో దిగితే, మధ్యలో ఉప్పునీరు చేరి చిన్న బ్యాటరీ తయారవుతుంది. కరిగేది అల్యూమినియమే. బోల్టు తల కింద నైలాన్ వాషరు, మరల్లో పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు తప్పనిసరి. అంతర్వేది డాబా మీద దీపంతో పాటు వాషరు ఉన్నవీ లేనివీ కొన్ని బోల్టులు ఒక పలకకి బిగించి వదిలాను. వాషరు లేని వాటిలో ఒకటి విప్పబోతే తల తెగి చేతికొచ్చింది.

దీపం వేడిని బయటికి వదిలే హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి. వేడిగాలి పైకి పోతుంది, వాన దుమ్మును కిందికి కడుగుతుంది. అడ్డంగా పెడితే రెక్కల మధ్య మట్టి పేరుకుంటుంది.

అద్దం పైన చిన్న చూరు పెట్టండి. మన పెంకుటింటి చూరు గోడని ఎలా కాపాడుతుందో ఇదీ అంతే. చూరు అంచు కింద సన్నటి గాడి ఒకటి ఉండాలి. అది లేకపోతే నీళ్ళు అంచు చుట్టి వెనక్కి పాకి, నేరుగా సీలు మీదికే వస్తాయి.

అద్దమా, పాలీకార్బొనేటా అన్నది తేలని వాదన. రాయి, పక్షి తగిలితే పాలీకార్బొనేట్ నిలబడుతుంది, కానీ పూత లేకపోతే ఎండకి పసుపెక్కుతుంది, గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీతలు పడతాయి. నా ఓటు టఫెన్డ్ గ్లాసుకే. షెడ్డులో దాన్ని తుడిచేది మెత్తటి గుడ్డతో కాదు, నూనె పీలికతో.

సీలు

సీలు రబ్బరు ఇంత అని ఒక లెక్క ప్రకారం నలగాలి, అంతకు మించకూడదు. 6 మిల్లీమీటర్ల గుండ్రటి రబ్బరు తాడుకి 4.4 మిల్లీమీటర్ల లోతు గాడి ఇస్తే సుమారు 27 శాతం నలుగుతుంది. అక్కడికి లోహానికి లోహం ఆనిపోవాలి. ఇంకా బిగిద్దామన్నా కదలకూడదు. ఇదెందుకంటే, మీ దీపాన్ని రాత్రి రెండింటికి టార్చి వెలుగులో విప్పే ఫిట్టర్ ఒక మూల బాగా బిగించి ఇంకో మూల మర్చిపోతాడు. అది ఆయన తప్పు కాదు, ఆ వేళకి ఎవరైనా అంతే. అందుకే విప్పినా కింద పడిపోని బోల్టులు పెట్టండి, వాటి మధ్య ఎడం తగ్గించండి. ఎడం ఎక్కువైతే ఫ్రేము మధ్యలో విల్లులా వంగి అక్కడే కారుతుంది.

రబ్బరు సిలికాన్‌ది మేలు. ఈపీడీఎం అనే రబ్బరు ఎండకీ వానకీ బాగా ఆగుతుంది గానీ డీజిలు, నూనె తగిలితే ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు నూనెకి ఆగుతుంది, ఎండకి పగులుతుంది. రబ్బరు రింగు అతుకు లేకుండా ఒకటే ముక్కగా చేయించండి. తప్పక అతుకు పెట్టాల్సి వస్తే చూరు కిందికి రానివ్వండి. నీళ్ళు నిలిచే అడుగుకి రానివ్వకండి.

ట్యూబులో వచ్చే సిలికాన్ పేస్టు కొనేటప్పుడు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన కొడితే దీపంలో వాడొద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగి తీగల్నీ, రిఫ్లెక్టరు మెరుపునీ పాడుచేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. మా మొదటి దీపంలో ఈ తప్పు కూడా చేశాం. సీడ్ గొడవలో అది తర్వాతెప్పుడో బయటపడింది.

ఊపిరి దారి

డబ్బాకు శ్వాస తీసుకునే దారి ఇవ్వాలి. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు అనుకోండి. గాలి ఆడుతుంది, పురుగూ దుమ్మూ వెళ్ళవు. ఇక్కడ ఆ గుడ్డ పని చేసేది సాగదీసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) పొర. దాని రంధ్రాలు గాలికి సరిపోతాయి, నీటి చుక్కకు సరిపోవు. మర ఉన్న చిన్న బిరడాలా, లేదా వెనక జిగురున్న బిళ్ళలా దొరుకుతుంది. నూనెని కూడా తోసేసే రకమే అడగండి, లేకపోతే ఇంజను నూనె ఆవిర్లకి పొర మూసుకుపోతుంది.

ఎంచుకునేటప్పుడు చూడాల్సింది గాలి ప్రవాహం, అంటే ఎంత ఒత్తిడి తేడాకి నిమిషానికి ఎంత గాలి పోతుందన్నది. మన దీపం లోపల 6 లీటర్ల గాలి ఉందనుకుంటే, 70 నుంచి 25 డిగ్రీలకి పడేటప్పుడు దాదాపు ముప్పావు లీటరు గాలి లోపలికి రావాలి. ఆ చల్లబడటం అయిదు నిమిషాల్లో జరిగితే నిమిషానికి 150 మిల్లీలీటర్లు. అంత గాలి వచ్చినా లోపలి పీల్పు ఒక కిలోపాస్కల్ దాటకూడదని నేను హద్దు పెట్టుకుంటాను. దానికి సరిపోయే పొరలు రెండు పెట్టండి. ఒకటి మూసుకుపోయినా ఇంకోటి ఉంటుంది.

చోటు కూడా ముఖ్యమే. వెనకవైపు, కిందికి చూస్తూ, మీద చిన్న రేకు అడ్డుతో. ముందుకి పెడితే షెడ్డులో కడిగే జెట్ తగులుతుంది. బయట కప్పులేని రంధ్రం వదిలితే మట్టిగూడు పెట్టే కందిరీగ వారంలో దాన్ని మూసేస్తుంది. ఇది హాస్యానికి అనడం లేదు, పలకకి కొట్టిన రంధ్రాలే రెండు అలా పూడిపోయాయి.

ఈ పొర ఆవిరిని ఆపదు. అది రెండు వైపులా పోతుంది. మన దగ్గర వానాకాలంలో 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, అద్దం 26 డిగ్రీలకి దిగగానే లోపల చెమ్మ పడుతుంది. హాలోజెన్ దీపానికి ఈ బాధ తక్కువ, దాని వేడి ముందుకే కొట్టి అద్దాన్ని ఆరబెట్టేది. ఎల్‌ఈడీ వేడి వెనక హీట్‌సింక్‌లోకి పోతుంది, అద్దం చల్లగా ఉండిపోతుంది. కాబట్టి ఎల్‌ఈడీ పలక నుంచి అద్దం ఫ్రేము దాకా ఒక అల్యూమినియం దారి ఇచ్చి కాస్త వేడిని ముందుకు మళ్ళించండి. అద్దం లోపలి ముఖానికి చెమ్మ పట్టని పూత వేయించండి. లోపల నైలాన్ ముక్కలు తగ్గించండి, అవి తేమ పీల్చి దాచుకుంటాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. గాలి ఆడే డబ్బాలో అది కొన్నాళ్ళకే నిండిపోతుంది, ఆ తర్వాత బరువు తప్ప ఏమీ లేదు.

వెలిగించిన పది పదిహేను నిమిషాల్లో పోయే పల్చటి ఆవిరి గురించి కంగారొద్దు. అడుగున చుక్కలు చేరి జారుతుంటేనే జబ్బు.

వైరు, కరెంటు

వైరు ఎప్పుడూ కింది నుంచే లోపలికి వెళ్ళాలి. గ్లాండ్‌కి, అంటే వైరు లోపలికి దూరే చోట బిగించే బిరడాకి, ముందు వైరుని ఒకసారి కిందికి వేలాడేలా వంచండి, జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. పోగుల వైరులో నీళ్ళు వత్తిలో నూనెలా పాకుతాయి. దీపం పీల్పు వల్ల వైరు అవతలి కొస నుంచి కూడా తేమ లాగుతుంది. లోపలికి వచ్చే చోట పోగుల్ని సోల్డరుతో నింపి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి. ఆ ముక్క వంగకుండా క్లాంపుతో పట్టి ఉంచండి, లేకపోతే అదురుకి అక్కడే తెగుతుంది.

ఎలక్ట్రిక్ ఇంజన్లలో బ్యాటరీ సరఫరా 110 వోల్టులు, పాత డీజిల్ ఇంజన్లలో 72. రైల్వే పరికరాల ప్రమాణం ఈఎన్ 50155 ప్రకారం 110 వోల్టుల పరికరం 77 నుంచి 137.5 దాకా ఎప్పుడూ పనిచేయాలి. ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ బోర్డుని దీపంలో పెట్టకండి, క్యాబ్ వైపు పొడిగా ఉండే చోట పెట్టండి. దీపం డబ్బాలో వస్తువులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఉసిళ్ళ సంగతి కూడా చెప్పాలి. తొలకరి వానల తర్వాత రాత్రి అవి దీపానికి ముసిరి అద్దానికి అతుక్కుంటాయి. మనం ఆపలేం. అద్దం చుట్టూ మెట్టులా లేచిన ఫ్రేము లేకుండా చదునుగా చేస్తే తుడవడం తేలిక, మూలల్లో రెక్కలు కుళ్ళవు.

పరీక్షలు, ఈ వరసలోనే

చాలామంది ముందు నీళ్ళ పరీక్ష చేసి, పాసయ్యాక అదురు పరీక్షకి పంపుతారు. తలకిందులు. ముందు వేడిలో పెట్టి రబ్బరుని కాస్త ముసలిదాన్ని చేయండి, తర్వాత రైలు పరికరాల అదురు పరీక్ష ప్రమాణం ఐఈసీ 61373 ప్రకారం ల్యాబ్‌లో అదిరించండి, అప్పుడు నీళ్ళ దగ్గరికి తీసుకురండి. రైలు మీద అది ఎదుర్కొనేది ఆ వరసలోనే.

నీళ్ళ పరీక్షకి ముందు పంక్చర్ షాపు పద్ధతి ఉంది. ఊపిరి బిరడా తీసి ఆ రంధ్రం గుండా 10 కిలోపాస్కల్స్ గాలి పెట్టి తొట్టిలో ముంచండి. సైకిల్ ట్యూబులాగే బుడగ ఎక్కడ వస్తే అక్కడ కారుతుంది. టైరు పంపుతో నేరుగా కొట్టొద్దు, అద్దం ఊడిపోతుంది. రెగ్యులేటరు ఉండాలి.

తర్వాత జెట్. ఐపీ 65కి 6.3 మిల్లీమీటర్ల నాజిల్, నిమిషానికి 12.5 లీటర్లు, రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరం, కనీసం మూడు నిమిషాలు. ఐపీ 66కి 12.5 మిల్లీమీటర్ల నాజిల్, నిమిషానికి 100 లీటర్లు. నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని బకెట్, ఫోను గడియారం పెట్టి చూసుకోవచ్చు. ముందు భాగానికి 66 పెట్టుకోండి.

ఆ తర్వాతది నా సొంత పరీక్ష, నేను అన్నిటికంటే దీన్నే నమ్ముతాను. దీపాన్ని ఒక గ్రాము తేడా చూపే కాటా మీద తూచి రాసుకోండి. వేడి పెట్టెలో 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. తీసీ తీయగానే ట్యాంకు నీళ్ళు పది నిమిషాలు మీద పోయండి. పైన బాగా తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి మళ్ళీ తూచండి. ఇలా ఇరవై సార్లు. ఒక గ్రాము పెరిగితే ఒక మిల్లీలీటరు తాగిందని అర్థం. మొదటి డిజైన్ ఇరవై సార్లకి 38 గ్రాములు తాగింది. ఊపిరి పొరలు పెట్టిన రెండోది ఒక గ్రాము దగ్గర ఆగింది. రబ్బరు అదే, బోల్టులూ అవే.

ఉప్పు పరీక్షకి 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటి పొగమంచు వాడతారు. సర్టిఫికెట్ కావాలంటే ల్యాబ్‌కే వెళ్ళాలి. ఇంట్లో 950 గ్రాముల నీళ్ళలో 50 గ్రాముల ఉప్పు కలిపి రోజూ రెండుసార్లు చల్లినా బోల్టుల బండారం నెలలో బయటపడుతుంది.

ఎంత బాగా వచ్చినా మీ దీపాన్ని సొంతంగా ఇంజనుకి బిగించే వీలు లేదు. లక్నోలోని రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌వో స్పెసిఫికేషన్‌కి సరిపోవాలి, వాళ్ళ ఆమోదం రావాలి. ట్రయల్ పేరుతో ఎవరూ ఇంజను పైకి ఎక్కకండి, నెత్తిమీద 25 వేల వోల్టుల తీగ ఉంటుంది. ఈలోగా డాబా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి తుఫాన్ల కాలం, ఆ మూడు నెలలూ సముద్రం వైపు పెట్టి వదిలేయండి. నెలకోసారి దింపి తూచండి. సంక్రాంతి వెళ్ళాక విప్పి ముందుగా చూడాల్సింది సీలు గాడి అడుగుభాగం, తర్వాత వైరు వచ్చే చోటు, ఆ తర్వాత ఊపిరి పొర మీద పట్టిన మట్టి. మా రెండో దీపం ఇప్పుడు రెండో ఏడు అక్కడే ఉంది. మేస్త్రి వెళ్ళినప్పుడల్లా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు.